మామూలేనా, చూపించుకోవాలా? నలభై దాటాక బ్లీడింగ్ ఆగకపోతే ఏం చేయాలి

“నాకు 46 ఏళ్లు. పోయిన నెల డేట్ రాలేదు. ఈ నెల వచ్చి పదహారు రోజులైంది, ఇంకా ఆగలేదు. చూపించుకోవాలా, ఇంకొన్నాళ్లు చూడాలా?”

వయసు మారుతుంది, రోజుల లెక్క మారుతుంది, నన్ను అడిగే ప్రశ్న మాత్రం ఇదే. ఉప్పల్ నుంచి అడిగినా, మెహదీపట్నం నుంచి అడిగినా చివర ఒక మాట తప్పకుండా ఉంటుంది: “ఈ వయసులో ఇవన్నీ మామూలే అంటున్నారు.”

మా వదిన కూడా అదే అంది. రామంతాపూర్‌లో ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. అప్పటికి ఆమెకు 47. నెలలో ఇరవై రోజులు బ్లీడింగ్ అవుతుంటే కుర్చీ మీద పాత నేత చీర నాలుగు మడతలు వేసుకుని కూర్చుని పనిచేసింది. శ్రావణమాసం గిరాకీ పోతుందని ఒక నెల ఆగింది, దసరా అయ్యాక చూద్దామని ఇంకో నెల. ఒకరోజు మా ఇంటికొచ్చి, రెండో అంతస్తు మెట్లెక్కి గుమ్మంలోనే కూర్చుండిపోయింది. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మర్నాడు రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 6.4. కారణం చూస్తే, గర్భసంచి లోపల వేలి చివరంత పాలిప్, అంటే లోపొర నుంచి మొలిచిన చిన్న కండ. దాన్ని తీయడానికి ఒక్క పూట పట్టింది. పోయిన రక్తం తిరిగి పట్టడానికి ఐదు నెలలు పట్టింది.

మీకు అలా కాకూడదు. ఏం చేయాలో వరసగా చెప్తాను.

ముందు ఒక్క విషయం. మన దేశంలో ఆడవాళ్లకు నెలసరి పూర్తిగా ఆగిపోయే వయసు సగటున 46, 47 దగ్గర ఉంటుంది. అంతకు ముందు కొన్నేళ్లు అండం ప్రతి నెలా విడుదల కాదు. విడుదల కాని నెలలో గర్భసంచి లోపొర మందంగా పెరిగి, ఆలస్యంగా, ఎక్కువగా ఊడిపోతుంది. డేట్లు తప్పేది చాలావరకు అందుకే. కానీ పాలిప్, ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో పెరిగే గడ్డ), థైరాయిడ్, కొందరిలో క్యాన్సర్ కూడా సరిగ్గా ఇలాగే కనిపిస్తాయి. పరీక్ష చేయకుండా ఏది ఏదో డాక్టర్ కూడా చెప్పలేరు.

గుర్తుపెట్టుకోవడానికి నేను అందరికీ చెప్పే లెక్క ఇది: ఈ వయసులో నెలసరి దూరం కావడం, తగ్గడం చాలావరకు మామూలు. ఎక్కువ కావడం, ఎక్కువ రోజులు సాగడం, మధ్యలో కనిపించడం చూపించుకోవాల్సినవి.

కావాల్సినవి

- ఒక గోడ క్యాలెండర్ లేదా చిన్న నోటుపుస్తకం, ఎర్ర పెన్ను
- ఒకే సైజు ప్యాడ్లు. సైజు మారుస్తూ పోతే లెక్క కుదరదు
- మెడికల్ షాపులో దొరికే ప్రెగ్నెన్సీ టెస్ట్ కిట్ ఒకటి
- పాత స్కాన్లు, రక్తపరీక్షలు, ఆపరేషన్ కాగితాలు ఏమున్నా అన్నీ ఒక ఫైల్లో
- మీరు వాడే మందుల పేర్లు. ఆయుర్వేదం, హోమియో, గుండె కోసం వేసుకునే రక్తం పలచబడే మాత్ర, అన్నీ
- ఆధార్ కార్డు

1. ఇది ఇప్పుడే పరుగెత్తాల్సిన పరిస్థితా, ముందు చూసుకోండి

కింద ఉన్నవాటిలో ఒక్కటి ఉన్నా ఈ రాత ఇక్కడితో ఆపి ఆసుపత్రికి వెళ్లండి. తోడు లేకపోతే 108కి ఫోన్ చేయండి.

- గంటకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోవడం, అది రెండు గంటలకు మించి సాగడం
- నిలబడితే కళ్లు తిరగడం, పడిపోవడం, చెమటలు పట్టడం
- కూర్చున్నా ఆయాసం, గుండె దడ, ఛాతీలో నొప్పి
- గర్భం ఉందన్న అనుమానంతో పాటు బ్లీడింగ్, ఒకవైపు పొత్తికడుపులో గట్టి నొప్పి
- బ్లీడింగ్‌తో పాటు జ్వరం, దుర్వాసన, కడుపునొప్పి

రాత్రి పూట అయితే “తెల్లారాక వెళ్దాం” అనుకోవద్దు. సొంత బండి మీద ఒక్కరే వెళ్లవద్దు, దారిలో కళ్లు తిరిగితే ప్రమాదం.

2. మీది ఏ రకమో తేల్చుకోండి

నెలసరి పూర్తిగా ఆగి 12 నెలలు దాటిందా? ఆ తర్వాత ఒక్క చుక్క కనిపించినా, గులాబీ రంగు మరకైనా, ఒక్కసారే వచ్చి ఆగిపోయినా, అదే వారంలో గైనకాలజిస్టును కలవండి. ఇందులో రెండో మాట లేదు. ఇలా వచ్చిన ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి గర్భసంచి లోపొర క్యాన్సర్ బయటపడుతుంది. మిగిలిన తొమ్మిది మందికి లోపొర పలచబడడమో, పాలిప్పో, వేరే చిన్న కారణమో ఉంటుంది. ఆ ఒక్కరికి కూడా తొందరగా చూపించుకుంటే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ, ఎందుకంటే ఈ క్యాన్సర్ మొదట్లోనే బ్లీడింగ్ రూపంలో మనకు చెప్తుంది. “మళ్లీ డేట్ వచ్చింది, ఒంట్లో ఇంకా సత్తువ ఉంది” అని సంతోషపడిన పెద్దవాళ్లను నేను చూశాను. దయచేసి మీ అమ్మకు, అత్తగారికి ఈ ఒక్క పేరా చదివి వినిపించండి. అడగనిదే వాళ్లు చెప్పరు.

నెలసరి ఇంకా వస్తూ ఉంటే, ఈ కిందివి ఉన్నవాళ్లు ఒకటి రెండు వారాల్లో చూపించుకోవాలి:

- ఎనిమిది రోజులు దాటినా ఆగకపోవడం
- 24 రోజుల కంటే తక్కువ గడువులో మళ్లీ మళ్లీ రావడం
- రెండు డేట్ల మధ్యలో కనిపించడం
- భార్యాభర్తలు కలిసిన తర్వాత రక్తం కనిపించడం. దీనికి గర్భసంచి ముఖద్వారం తప్పనిసరిగా చూడాలి
- పది రూపాయల బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడడం
- ప్యాడ్ మార్చడానికి రాత్రి లేవాల్సి రావడం, లేదా ఒకదాని మీద ఇంకోటి పెట్టుకోవాల్సి రావడం
- మూడు నాలుగు నెలలు అసలు రాకుండా, వచ్చినప్పుడు వారాల తరబడి పోవడం

అధిక బరువు, షుగర్, చిన్నప్పటి నుంచి పీసీఓడీ (అండాశయాల్లో నీటి బుడగల సమస్య), రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ మాత్రలు, ఇంట్లో ఎవరికైనా గర్భసంచి క్యాన్సరో పెద్దపేగు క్యాన్సరో వచ్చి ఉండడం, వీటిలో ఏదున్నా ఇంకా తొందరపడండి.

3. క్యాలెండర్ మీద రాయండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. డాక్టర్ గదిలో మీకు దొరికే ఐదు నిమిషాల్లో దీనికి మించి పనికొచ్చేది ఏదీ లేదు. “చాలా అవుతోంది డాక్టర్” అంటే ఆమెకు ఏమీ తెలియదు. “పోయిన నెలలో 19 రోజులు, అందులో ఆరు రోజులు రోజుకు ఎనిమిది ప్యాడ్లు” అంటే సగం రోగం తెలిసినట్టే.

గుర్తులు ఇలా పెట్టుకోండి. మరక మాత్రమే అయితే ఒక చుక్క. మామూలుగా అయితే ఒక గీత. ఎక్కువైతే రెండు గీతలు. గడ్డ పడితే పక్కన సున్నా. ఆ రోజు వాడిన ప్యాడ్ల సంఖ్య కింద రాయండి. తడవకపోయినా మార్చిన ప్యాడ్‌ను కలపవద్దు. గుడ్డ వాడేవాళ్లు ఎన్నిసార్లు ఉతికి మార్చారో రాసుకుంటే చాలు. నొప్పి, వేసుకున్న మాత్ర కూడా అదే గడిలో.

ఇక్కడ దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. నెలసరి గడువును ఆగిన రోజు నుంచి లెక్కపెడతారు. మొదలైన రోజు నుంచి మళ్లీ మొదలైన రోజు వరకు లెక్కపెట్టాలి. మార్చి 3న మొదలై 9న ఆగి, మళ్లీ 27న వచ్చిందనుకోండి. “పద్దెనిమిది రోజులకే వచ్చేసింది” అని కంగారుపడతారు. నిజానికి గడువు 24 రోజులు.

పిల్లల ముందు, మగవాళ్ల ముందు గోడ మీద రాయడం ఇబ్బందిగా ఉంటే పాలవాడి లెక్కల పుస్తకం వెనక పేజీలో రాసుకోండి. ఫోన్లో రాసుకున్నా సరే. రాయడం ముఖ్యం.

హెచ్చరిక: మొదటి రెండు మెట్లలో చెప్పినవి మీకు ఉంటే, క్యాలెండర్ నిండేదాకా ఆగవద్దు. గుర్తున్నంతవరకు రాసుకుని బయల్దేరండి. ఏ తొందరా లేనివాళ్లు మాత్రమే రెండు నెలలు రాసి చూడాలి.

4. ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి

47లో ఏమిటీ టెస్టు అని సిగ్గుపడకండి. నెలసరి పూర్తిగా ఆగి ఏడాది అయ్యేదాకా గర్భం వచ్చే అవకాశం ఉంటుంది. పిల్లల ఆపరేషన్ అయినవాళ్లు కూడా చేసుకోవాలి. పొద్దున్నే మొదటి మూత్రంతో చేయండి. రెండు గీతలు వస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి.

5. ఎక్కడికి వెళ్లాలి

హైదరాబాద్‌లో ఉన్నాం కాబట్టి ఈ ఒక్క విషయంలో మనకు దారులు చాలానే ఉన్నాయి.

దగ్గర్లోని బస్తీ దవాఖానాతో మొదలుపెట్టవచ్చు. రక్తపరీక్షకు శాంపిల్ అక్కడే తీసుకుని తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కు పంపుతారు, డబ్బు కట్టక్కర్లేదు. 2023 మార్చి 8న ప్రభుత్వం ‘ఆరోగ్య మహిళ’ పేరుతో ఆడవాళ్ల కోసం విడిగా క్లినిక్‌లు మొదలుపెట్టింది. నెలసరి సమస్యలు, మెనోపాజ్ (నెలసరి పూర్తిగా ఆగిపోవడం), క్యాన్సర్ పరీక్షలు అందులో ఉన్నాయి. మంగళవారం నడిచేలా పెట్టారు. మీ ప్రాంతంలో ఇప్పుడు ఏ సెంటర్లో, ఏ రోజు ఉందో మీ ఆశా కార్యకర్తను అడిగి వెళ్లండి.

స్కాన్, బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) అవసరమైతే పేట్లబుర్జు, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రుల్లో, గాంధీలో గైనిక్ ఓపీ ఉంటుంది. ప్రసూతి ఆసుపత్రి అంటే గర్భిణులకే అనుకుని చాలామంది వెళ్లరు. అక్కడ గైనిక్ సమస్యలూ చూస్తారు. ఓపీ పొద్దున పూట, వరస పెద్దగా ఉంటుంది, కాబట్టి తొందరగా చేరుకోండి. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు. క్యాన్సర్ అని తేలితే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రి ఉంది.

ప్రైవేటుకు వెళ్లేవాళ్లు పెద్ద బోర్డు చూసి కాకుండా, మీ మాట పూర్తిగా వినే గైనకాలజిస్టును చూసుకుని వెళ్లండి.

బ్లీడింగ్ అవుతుండగా డాక్టర్ దగ్గరికి వెళ్లకూడదు, ఆగాక వెళ్లాలి అనుకుంటారు. ఆగకపోవడమే మీ సమస్య అయినప్పుడు ఎప్పుడు వెళ్తారు? అవుతున్నప్పుడే వెళ్లండి. పాప్ స్మియర్ (గర్భసంచి ముఖద్వారం పరీక్ష) లాంటి ఒకటి రెండు పరీక్షలు బ్లీడింగ్ ఎక్కువగా ఉన్న రోజున చేయరు, మరో రోజు రమ్మంటారు, అంతే.

6. డాక్టర్ గదిలో ఏం చెప్పాలి

నాలుగు ముక్కల్లో చెప్పండి: వయసు, చివరి డేట్ మొదలైన తేదీ, ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని ప్యాడ్లు. ఆ తర్వాత క్యాలెండర్ ముందు పెట్టండి.

ఒక మాట దగ్గర జాగ్రత్త. మనం ‘గడ్డలు’ అనే మాటను రెండు రకాలుగా వాడతాం. ప్యాడ్ మీద పడే రక్తపు ముద్దలూ గడ్డలే, గర్భసంచిలో పెరిగే ఫైబ్రాయిడ్లూ గడ్డలే. “నాకు గడ్డలు ఉన్నాయి” అని ఒకామె చెప్తే ఫైబ్రాయిడ్లు అని రాసుకున్నారు. ఆమె చెప్పింది రక్తపు ముద్దల గురించి. మరో చోట “గడ్డలు పోయాయి” అంటే ఫైబ్రాయిడ్లు కరిగిపోయాయనుకుని ఇంట్లో వాళ్లు సంతోషించారు. కాబట్టి “రక్తం గడ్డలుగా పడుతోంది” అనో, “స్కాన్‌లో ఫైబ్రాయిడ్ అన్నారు” అనో విడదీసి చెప్పండి.

దాచకూడనివి: భార్యాభర్తల మధ్య కలయిక తర్వాత రక్తం కనిపిస్తోందా, కాపర్ టీ ఉందా, మందుల షాపులో అడిగి ఏమైనా మాత్రలు వేసుకున్నారా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా. ఆ పలచబడే మందును మీ అంతట మీరు మాత్రం ఆపవద్దు. పక్కన భర్తో కొడుకో ఉంటే చెప్పలేమనిపిస్తే, “కాసేపు బయట ఉండమనండి” అని డాక్టర్‌ను అడగండి. వాళ్లకు ఇది అలవాటే.

7. పరీక్షలు: ఏది ఎందుకు, రిపోర్ట్ ఎలా చూసుకోవాలి

మొదట రక్తపరీక్ష, అంటే సీబీపీ. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. 8 కంటే తక్కువైతే తీవ్రమైన రక్తహీనత. దానితో పాటు థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ చేస్తారు. వీలైతే ఫెరిటిన్ కూడా చేయించండి, ఒంట్లో దాచుకున్న ఐరన్ ఎంత మిగిలిందో అది చెప్తుంది.

తర్వాత స్కాన్. పొట్ట మీద చేసే స్కాన్‌కు నీళ్లు తాగి మూత్రం ఆపుకోవాలి. లోపలి నుంచి చేసే టీవీఎస్ స్కాన్‌కు మూత్రం పోసుకుని వెళ్లాలి. గర్భసంచి లోపొర టీవీఎస్‌లోనే బాగా తెలుస్తుంది. కాస్త ఇబ్బందిగా ఉంటుంది కానీ నొప్పి ఉండదు.

స్కాన్ కాగితం చేతికి రాగానే ఫోన్లో వెతికి భయపడేవాళ్లు ఎక్కువ. రెండు మాటలు చెప్తాను.

‘బల్కీ యూటరస్’ అని ఉంటే గర్భసంచి కాస్త పెద్దదిగా ఉందని అర్థం. పిల్లలు పుట్టినవాళ్లలో చాలామందికి అలాగే ఉంటుంది. అది రోగం పేరు కాదు. ఆ ఒక్క మాట మీద ఏ ఆపరేషనూ చేయించుకోవద్దు.

‘ఎండోమెట్రియల్ థిక్‌నెస్’ అంటే లోపొర మందం. నెలసరి ఆగిపోయినవాళ్లకు బ్లీడింగ్ కనిపిస్తే, ఆ మందం 4 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువ ఉంటే క్యాన్సర్ అవకాశం చాలా తక్కువ. అంతకంటే ఎక్కువ ఉంటే ముక్క తీసి చూడాలి. తక్కువే ఉన్నా బ్లీడింగ్ మళ్లీ వస్తే అప్పుడూ చూడాలి. ఈ 4 లెక్క నెలసరి ఇంకా వస్తున్నవాళ్లకు పనికిరాదు. వాళ్లకు డేట్‌కు ముందు 12, 14 ఉన్నా మామూలే కావచ్చు. 44 ఏళ్లావిడ 11 మిల్లీమీటర్లు చూసి రెండు రాత్రులు నిద్రపోలేదు, ఆమెకు ఏమీ లేదు.

ఇక బయాప్సీ. 45 దాటి అసాధారణంగా బ్లీడింగ్ అవుతుంటే లోపొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయాలి. అంతకంటే చిన్న వయసులో ఉన్నా, పైన చెప్పిన బరువు, షుగర్, పీసీఓడీ లాంటివి ఉంటే చేయాలి. సన్నటి స్ట్రా లాంటి గొట్టంతో ఓపీలోనే చేయవచ్చు. కొన్ని నిమిషాలు నెలసరి నొప్పిలా గట్టిగా మెలిపెడుతుంది, తర్వాత తగ్గిపోతుంది. ముందే నొప్పి మాత్ర వేసుకోవచ్చా అని అడగండి. కొన్నిచోట్ల మత్తు ఇచ్చి డీ అండ్ సీ చేస్తారు, మనవాళ్లు ‘క్లీనింగ్’ అనేది అదే. కెమెరాతో లోపల చూసే హిస్టెరోస్కోపీ అయితే పాలిప్ ఉంటే అప్పుడే తీసేయవచ్చు.

ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న మాట నిజం కాదు. ఆ భయంతో బయాప్సీ మానేసిన వాళ్లే తర్వాత నష్టపోతారు.

బయాప్సీ రిపోర్ట్‌లో ఒకే ఒక్క మాట వెతకండి: ఎటిపియా. ‘హైపర్‌ప్లేసియా వితౌట్ ఎటిపియా’ అంటే పొర మందంగా పెరిగింది, కణాలు చెడిపోలేదు. హార్మోన్ మందుతో ఎక్కువమందికి తగ్గుతుంది, ఆరు నెలలకు మళ్లీ చూస్తారు. ‘విత్ ఎటిపియా’ అంటే కణాలు మారుతున్నాయి. దీనికి సాధారణంగా గర్భసంచి తీయమనే చెప్తారు, ఆలస్యం చేయకూడదు. అనుమానం ఉంటే ల్యాబ్ నుంచి స్లైడ్లు, బ్లాకులు (తీసిన ముక్కను దాచిపెట్టినవి) అడిగి తీసుకుని వేరే చోట మరోసారి చదివించుకోవచ్చు.

పాప్ స్మియర్ లేదా హెచ్‌పీవీ పరీక్ష గర్భసంచి ముఖద్వారం కోసం. “పోయినేడు పాప్ స్మియర్ నార్మల్ వచ్చింది, నాకేం భయం లేదు” అనుకోవద్దు. అది లోపొరను చూడదు.

8. గర్భసంచి తీసేయాలంటే

దీని దగ్గర కాసేపు ఆగాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం దగ్గర ఉంటే, తెలంగాణలో దాదాపు 8, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం ఉన్నారు. మన రెండు రాష్ట్రాల ఆడవాళ్ల ఒంట్లో ప్రత్యేకంగా తేడా ఏమీ లేదు. “పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకు” అన్న మాట మన దగ్గర చాలా సులువుగా వస్తుంది. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అడ్డుకునే మార్గదర్శకాలు అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది.

మా వదినకు కూడా మొదట వెళ్లిన చోట బయాప్సీ లేకుండానే “వచ్చే సోమవారం తీసేద్దాం” అన్నారు. రెండో డాక్టర్ కెమెరాతో చూసి పాలిప్ తీశారు. ఆమె గర్భసంచి ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది.

ఆపరేషన్ తప్పు అని నేను అనను. క్యాన్సర్‌కు, ఎటిపియాకు, మందులకు లొంగని పెద్ద ఫైబ్రాయిడ్లకు అది ప్రాణం నిలిపే పని. కానీ సరేననే ముందు ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి:

- నా బ్లీడింగ్‌కు కారణం ఏమని తేలింది?
- బయాప్సీ చేశారా? లేకపోతే ముందు అది చేద్దామా?
- మందులతో, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్‌తో ప్రయత్నించవచ్చా?
- ఇంకో ఏడాది రెండేళ్లలో నెలసరి ఆగిపోతే ఈ ఫైబ్రాయిడ్ దానంతట అది చిన్నదవుతుందా?
- అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? ఎందుకు?

చివరి ప్రశ్న మర్చిపోవద్దు. నెలసరి ఆగకముందే అండాశయాలు తీసేస్తే ఒక్కసారిగా మెనోపాజ్ వస్తుంది. ఒంట్లో వేడి ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముప్పు.

వేరే దారులు: బ్లీడింగ్ ఉన్న రోజుల్లో ట్రానెక్సమిక్ యాసిడ్ (కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు ముందే డాక్టర్‌కు చెప్పాలి), మెఫెనమిక్ యాసిడ్, ప్రొజెస్టిరాన్ మాత్రలు, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్. లూప్ పెట్టించుకున్నాక మూడు నుంచి ఆరు నెలలు మరకలు కనిపిస్తూనే ఉంటాయి. అది తెలియక రెండో నెలలోనే తీయించుకునేవాళ్లు ఎక్కువ. కాస్త ఓపిక పట్టండి.

చాలామంది చేసే పొరపాట్లు

మెడికల్ షాపు మాత్రలు. బోనాలకని, తిరుపతికని, ఇంట్లో పెళ్లికని డేట్ వాయిదా వేసే నోరెథిస్టిరాన్ మాత్రలు మన ఇళ్లలో అందరికీ తెలుసు. అవే మాత్రలు బ్లీడింగ్ ఆపడానికి ఎవరూ చెప్పకుండానే వేసుకుంటారు. వేసుకున్నన్ని రోజులు ఆగుతుంది. మానేసిన రెండు మూడు రోజులకు మళ్లీ మొదలవుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువగా. కారణం అలాగే లోపల ఉంటుంది, క్యాలెండర్ లెక్క కూడా చెడిపోతుంది. 45 దాటాక డాక్టర్ చూడకుండా ఇవి వేసుకోవద్దు.

“వేడి చేసింది” అని సబ్జా నీళ్లు, మజ్జిగ తాగుతూ నెలలు గడపడం. తాగండి, మంచిదే. దానితో పాటు డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లండి.

“చెడు రక్తం పోతోంది, పోనీ” అనడం. మీ ఒంట్లోంచి పోయేది మంచి రక్తమే.

బెల్లం, ఖర్జూరం, బీట్‌రూట్‌తో సరిపెట్టుకోవడం. హిమోగ్లోబిన్ 8కి పడిపోయాక తిండితో మాత్రమే అది పైకి రాదు, ఐరన్ కావాలి. మాత్ర వేసుకున్న వెంటనే చాయ్ తాగితే ఐరన్ ఒంటికి పట్టదు, కనీసం గంట గడవనివ్వండి. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. విరేచనం నల్లగా అవుతుంది, భయపడవద్దు. మలబద్ధకమో వికారమో వస్తే మానేయకుండా డాక్టర్‌ను మందు మార్చమనండి, రోజు విడిచి రోజు కూడా ఇస్తారు. అసలు పడకపోతే సెలైన్ ద్వారా ఐరన్ ఎక్కించవచ్చు.

9. తగ్గిందో లేదో చూసుకోవడం

మందు మొదలుపెట్టాక క్యాలెండర్ ఆపవద్దు, మూడు నెలలు రాయండి. బ్లీడింగ్ ఎనిమిది రోజుల లోపు ఆగుతోందా, రాత్రి ప్యాడ్ కోసం లేవకుండా నిద్రపోతున్నారా, గడ్డలు తగ్గాయా? మూడూ అవునైతే దారిలో పడ్డట్టే.

నాలుగు వారాలకు సీబీపీ మళ్లీ చేయించండి. ఐరన్ సరిగ్గా పడుతుంటే హిమోగ్లోబిన్ ఒకటి, రెండు గ్రాములైనా పెరగాలి. పెరగలేదంటే మాత్ర సరిగ్గా వేసుకోవడం లేదు, లేదా రక్తం ఇంకా పోతోంది, లేదా వేరే కారణం ఉంది. మళ్లీ వెళ్లండి. 12కి వచ్చిందని ఐరన్ వెంటనే ఆపేయకూడదు, నిల్వలు నిండడానికి ఇంకో మూడు నెలలు వాడమంటారు.

బయాప్సీ నార్మల్ వచ్చి, మందులు వాడినా బ్లీడింగ్ ఆగకపోతే “నార్మల్ అన్నారు కదా” అని ఊరుకోవద్దు. చిన్న గొట్టంతో తీసిన ముక్కలో పాలిప్ దొరక్కపోవచ్చు. హిస్టెరోస్కోపీ గురించి అడగండి.

చివరగా, నెలసరి ఆగిపోతున్నట్టు అనిపించినప్పుడు ఆఖరి డేట్ మొదలైన తేదీని ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకోండి. 12 నెలలు అక్కడి నుంచే లెక్క. ఆ తేదీ తెలియకపోతే, రేపు ఒక మరక కనిపించినప్పుడు అది ఆలస్యంగా వచ్చిన డేటా, వెంటనే చూపించుకోవాల్సిన బ్లీడింగా అన్నది తేలదు. మా వదిన ఆఖరి డేట్ ఫిబ్రవరి 11. ఏటా కొత్త క్యాలెండర్ గోడకు తగిలించే ముందు, మొదటి పేజీ మూలన ఎర్ర పెన్నుతో ఆ తేదీ రాసుకుంటుంది.